నలభై మూడో అతుకు

శనివారం. సనాయ క్యాంపు కాడికి బస్సు రాదు.
పఠాన్ టాక్సీ ఎక్కిన, మీటరు నలభై రెండు దిర్హాములు.
అల్ ఐన్ దాటి, హఫీత్ గుట్ట అవతల
ఇసుక కింద తిరిగే ఆ పెద్ద చక్రాన్ని
ఇయ్యాల అందరికీ చూపిస్తరట.

గేటు కాడ మెడల కార్డు ఏసిండ్రు: విజిటర్, ఓదేలు గడ్డం.
రెండేండ్ల కింద నేను
పసుపు హెల్మెట్ తోని వెనక దారిల వచ్చేటోన్ని.
ఇప్పుడు ముందటి దారి. ఖర్జూరం, చిన్న కప్పుల గావా.
నా ముందర ఇండియన్ స్కూలు పిల్లలు, ఒక్కటే లొల్లి.

డాక్టర్ షమ్మా, నల్ల అబాయా కింద ఉరుకుడు బూట్లు.
ఇంగ్లీషుల చెప్తుంటే సగం అర్థమైంది.
తక్కిన సగం నాకు ముందే ఎర్క.

"ఈ పైపు లోపల ఏమున్నది?" అని అడిగింది.
గాలి, అన్నడొకడు. కరెంటు, అన్నది రెండు జడల పిల్ల.
"ఏమీ లేదు. ఏమీ లేకుండ చేసుడే మా సగం పని.
ఉపగ్రహాలు తిరిగే ఎత్తుల కన్న
ఇండ్లనే గాలి తక్కువ."
పిల్లలు నవ్విండ్రు.
నాకు రాలే.
ఆ ఏమీ లేనిదాని చుట్టు గోడ కట్టినోళ్ళల్ల
నేనొకన్ని.

నేనూ లింబాద్రీ, రాత్రి షిఫ్టు.
పైపుల ఆర్గాన్ నింపి, ఊపిరి బిగవట్టి,
గోరంత వెడల్పు అతుకు,
బిళ్ళ మీద బిళ్ళ పేర్చినట్టు.
తెల్లారినంక ఒక ఫిలిప్పీన్ పిలగాడు
అతుకు చుట్టూ హీలియం ఊదేటోడు.
మిషను కుయ్యిమన్నదా, రాత్రంత దండుగ.

రెండు జతల గ్లవుజులు, ఒకదాని మీద ఒకటి.
"వేలు తాకొద్దు," అన్నడు ఫోర్మన్,
"ఒక్క ముద్ర పడితె, అండ్ల నూనె, చెమట
దినాలకు దినాలు ఆవిరైతనే ఉంటది."
అప్పుడొచ్చింది నాకు నవ్వు.
ఈ దేశంల దిగిన నాడు
పది వేళ్ళూ అద్దం మీద ఒత్తిచ్చుకున్నరు.
బతాకాకు ఒత్తిన. సిమ్ముకు ఒత్తిన.
తెల్లకాగితం మీదా ఒత్తిన, ఏజెంటు ముందర.
నా ముద్ర ఒద్దన్నది
ఈ పైపొక్కటే.

ఆగస్టు నెల. నలభై మూడో అతుకు.
గ్లవుజు కొన ఎప్పుడు చినిగిందో.
చూపుడు వేలు లోపలి అంచుకు తాకింది,
రెప్పపాటు.
ఆల్కహాలు తోని తుడిచిన. మళ్ళ తుడిచిన.
లింబాద్రి చూసిండు, ఏమనలే.
ఇప్పుడు రువైస్ల ఉన్నడు, ఫోన్లనన్న ఆ ముచ్చట ఎత్తడు.

షమ్మా మేడం సరిగ్గ ఆ వంపు కాడనే ఆగింది.
"ఇది మమ్మల్ని ఏడిపించింది," అన్నది.
"చక్రమంత ఖాళీ అయినా, పదకొండు దినాలు
ఇక్కడ ఏదో ఉన్నది, పోనన్నది.
ఏందో ఇప్పటికీ తెల్వదు.
వేడి పట్టీలు చుట్టి కాల్చినం. పోయింది."
"ఎటు పోయింది?" అన్నడు చెయ్యి లేపి ఒక బక్క పిలగాడు.
"పంపు గుంజేసింది. బయటి గాలిలకు."

నేను పైపు దిక్కు చూస్తున్న.
అతుకు పక్కన నంబరు ఇంక ఉన్నది, నా రాతనే,
నాలుగు జర పక్కకు ఒరిగి.
చెప్పాలె అనిపించలే. దాచాలె అని గూడ అనిపించలే.
పదకొండు రాత్రులు
ఎన్ని దేశాల చదువులో ఆ స్క్రీన్ల ముందు కూసోని
నా వేలిని కావలి కాసినయి.

పోయేటప్పుడు, కార్డు తీసుకొని
బొటనవేలు పెట్టుమన్నరు.
ఎర్ర లైటు.
ప్యాంటుకు తుడిచి పెట్టిన. ఎర్ర లైటు.
వేరే వేలు. అదీ ఎర్రనే.
ఇరవై రెండేండ్ల వెల్డింగు, గీతలు ఎన్నడో అరిగినయి.
నేపాలీ గార్డు ఏమనకుండ
తాళంచెవి తోని పక్క తలుపు తీసిండు.

బయట టాక్సీ లేదు. ఎండ, గాలి, గాలిల ఇసుక.
మెయిన్ రోడ్డు దిక్కు నడుస్తుంటే స్కూలు బస్సు దాటింది.
కిటికీల నుంచి ఆ బక్క పిలగాడు
చెయ్యి ఊపిండు.
నేనూ లేపిన, అయిదు వేళ్ళూ చాపి.